సర్వీస్ చార్జి తీసెయ్యమంటే పరువు పోతుందా?

ప్రశ్న:

నమస్తే మేడం. మాది నల్లగొండ. పోయిన నెల మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు అమెరికా నుంచి వచ్చారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి అందరం కారులో వస్తుంటే చౌటుప్పల్ దాటాక పాపకు ఆకలైంది. హైవే మీద ఒక ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ దగ్గర ఆగాం. తిన్నదంతా కలిపి 3,600 రూపాయలు. దాని కింద సర్వీస్ చార్జి 10 శాతం అని 360 వేశారు. ఆ పైన జీఎస్టీ 198. మొత్తం 4,158. నీళ్ల సీసాలు కూడా 20 రూపాయలవి 40 చొప్పున వేశారు. నేను స్కూల్లో లెక్కలు చెప్తాను, బిల్లు చూడకుండా కట్టే అలవాటు లేదు. బిల్లు తెచ్చిన పిల్లాడిని "ఈ సర్వీస్ చార్జి ఏంది బాబూ, తీసెయ్" అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. పక్క టేబుల్ వాళ్లు మా వైపు చూశారు. మా ఆయన నా చేతిలోంచి బిల్లు తీసుకుని మాట్లాడకుండా కట్టేశారు. మా అల్లుడు దాని మీద ఇంకో 700 పెట్టాడు. అక్కడ 18, 20 శాతం ఇవ్వకపోతే తప్పుగా చూస్తారట. మా మామయ్య ఊరుకోలేదు. "జీతం తీసుకునేటోనికి మళ్లా పైసలెందుకు బిడ్డా" అని అల్లుడినే అడిగారు. ఆయన పిసినారి కాదు, దసరాకు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఇనాం ఇచ్చి పంపుతారు. ఆ రోజు నుంచి మా ఆయన "అల్లుడి ముందు పరువు తీసినవు" అనే మాట వదలడం లేదు. నేను అడగడం తప్పా? అసలు టిప్పు ఎంత ఇవ్వాలి? సంక్రాంతి దాకా పిల్లలు ఇక్కడే ఉంటారు, మళ్లీ బయట తినక తప్పదు.
— ఒక సోదరి, నల్లగొండ

సమాధానం:

అమ్మా, మీరు అడగడం తప్పు కాదు. కాకపోతే మీరు అడగాల్సింది ఆ పిల్లాడిని కాదు, వేరే మనిషిని. ఆ బిల్లు రాసింది ఆ పిల్లాడు కాదు, తీసెయ్యగలిగేదీ అతను కాదు. గల్లా దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లది ఆ పని. మీరు తీసెయ్ అన్నది హోటల్ యజమాని వేసిన చార్జిని, కానీ అతనికి వినిపించింది "నువ్వు చేసిన పనికి పైసలివ్వను" అని. ముఖం చిన్నబోయింది అందుకే. ఇది తప్ప ఆ రోజు మీరు చేసినదాంట్లో నాకు వేరే లోపం కనిపించలేదు.

మీరు లెక్కల టీచర్ కాబట్టి బిల్లు దగ్గర మొదలుపెడతాను. తిండికి 3,600. దాని మీద 5 శాతం జీఎస్టీ అంటే 180 రావాలి. మీ బిల్లులో 198 ఉంది. ఎందుకంటే వాళ్లు ముందు సర్వీస్ చార్జి 360 కలిపి, 3,960 మీద పన్ను లెక్కేశారు. అంటే మీరు ఇష్టపడి ఇవ్వని డబ్బు మీద ప్రభుత్వానికి పన్ను కూడా మీతోనే కట్టించారు. సర్వీస్ చార్జి లేకపోతే మీ బిల్లు 3,780. తేడా 378 రూపాయలు. సర్వీస్ చార్జి 360 అని కనిపిస్తుంది కానీ జేబులోంచి పోయేది అంతకంటే ఎక్కువ. చాలామంది ఈ వరుసను ప్రభుత్వ పన్ను అనుకుని కట్టేస్తారు. పాత రోజుల్లో బిల్లు మీద సర్వీస్ టాక్స్ అని ఒకటి ఉండేది, 2017లో జీఎస్టీ వచ్చాక అది పోయింది. పేరు దగ్గరదగ్గరగా ఉండటంతో ఇదీ అలాంటిదే అనుకుంటారు. ఇది పన్ను కాదు. ఈ 360లో ఒక్క రూపాయి ప్రభుత్వానిది కాదు, హోటల్‌ది. ఎక్కడైనా బిల్లు చూసేటప్పుడు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సమాన భాగాలుగా ఉన్నది మాత్రమే పన్ను.

ఇక చట్టం సంగతి. సర్వీస్ చార్జి కస్టమర్ ఇష్టం మీద ఆధారపడిందేనని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత 2022 జులై 4న సీసీపీఏ అని పిలిచే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం హోటల్ గానీ రెస్టారెంట్ గానీ తనంతట తానుగా బిల్లులో సర్వీస్ చార్జి కలపకూడదు. ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. కట్టమని ఒత్తిడి చేయకూడదు. కట్టనంటే లోపలికి రానివ్వం, వడ్డించం అనకూడదు. తిండి బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. మీ బిల్లులో ఈ చివరిది కూడా జరిగింది.

హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళితే అదే నెల 20న ఆ మార్గదర్శకాల మీద స్టే వచ్చింది. "కోర్టు ఆపేసింది మేడం" అని గల్లా దగ్గర ఎవరైనా అంటే వాళ్లకు గుర్తున్నది ఆ వార్తే. ఆ తర్వాత జరిగింది వాళ్లకు తెలియకపోవచ్చు, లేదా చెప్పకపోవచ్చు. 2025 మార్చి 28న అదే హైకోర్టు మార్గదర్శకాలు సరైనవే అని తీర్పిచ్చి, సంఘాల పిటిషన్లు కొట్టేసి, ఒక్కో పిటిషన్ మీద లక్ష రూపాయల ఖర్చులు కూడా వేసింది. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. "ఢిల్లీ కోర్టు మాట నల్లగొండలో ఎందుకు చెల్లుతుంది" అని కూడా అడగొచ్చు. మార్గదర్శకాలు కేంద్రానివి, దేశమంతటికీ ఇచ్చినవి. చౌటుప్పల్ హైవే కూడా అందులోకే వస్తుంది.

మీరు గమనించారో లేదో, మెనూ కార్డు చివరి పేజీలో చిన్న అక్షరాలతో సర్వీస్ చార్జి వర్తిస్తుంది అని రాసి ఉంటుంది. "ముందే రాశాం కదా, చూసే కదా తిన్నారు" అనేది వాళ్ల వాదన. రాసినంత మాత్రాన తప్పనిసరి అయిపోదు. ఇష్టమైతే ఇవ్వొచ్చు అని చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. స్టాఫ్ వెల్ఫేర్ అనో, స్టాఫ్ కాంట్రిబ్యూషన్ అనో పేరు మార్చి వేసినా సంగతి అదే.

నీళ్ల సీసాల దగ్గర మాత్రం చట్టం మీ వైపు లేదు. కూర్చోబెట్టి వడ్డించే చోట సీసా మీద ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లోనే చెప్పింది. అక్కడ మీరు కొనేది ఒక్క సీసా కాదు, ఆ కుర్చీ, ఏసీ, వడ్డన అన్నీ కలిపి అని దాని ఉద్దేశం. అదే కిరాణా కొట్లో 20 సీసాకు 25 అడిగితే గట్టిగా అడగండి. రెస్టారెంట్లో సీసా మూత తీయకముందే "మామూలు నీళ్లు తెండి" అనడమే దారి. పార్సిల్ డబ్బాకు వేసే ధర కూడా వేరే సంగతి, అది డబ్బా ఖరీదు. దాన్నీ దీన్నీ కలిపి గొడవ పడితే అసలు విషయం పక్కకు పోతుంది.

యజమానుల మాట కూడా ఒకసారి వినాలి. టిప్పు టేబుల్ దగ్గరికి వచ్చిన సర్వర్‌కే పోతుంది, తందూరి పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాల్చేవాడికి, ఎంగిలి ప్లేట్లు కడిగే ఆమెకు రాదు, అందుకే సర్వీస్ చార్జి తీసుకుని అందరికీ పంచుతాం అంటారు. కడిగే ఆమెకు రాదన్నది నిజం. ఆ బాధ నిజమైనదే. కానీ దానికి మందు యజమాని చేతిలోనే ఉంది. బిర్యానీ 280 ఉంటే 300 చేసుకోవచ్చు, ఎవరూ అడ్డుకోరు. మెనూలో ఆ ధర చూసి తినాలో వద్దో మనం ముందే తేల్చుకుంటాం. ధర తక్కువగా చూపించి కూర్చోబెట్టి, తిన్నాక 10 శాతం తగిలించడం నాకు నచ్చదు. జీతాలు పెంచాలంటే పెంచండి, అది మీ ధరలో కలపండి, దాచకండి. మన జిల్లాలో చాలా హోటళ్లు ఇప్పటికీ అలాగే నడుస్తున్నాయి. క్లాక్ టవర్ దగ్గర టిఫిన్ సెంటర్లలో, మెస్సుల్లో ఈ సర్వీస్ చార్జి గొడవే ఉండదు. గోడ మీద రాసిన ధరే బిల్లు.

ఇక మీ అల్లుడి విషయం. అతను ఇచ్చింది మంచి మనసుతోనే, అక్కడ బతుకుతున్న మనిషికి అది సహజం. అమెరికాలో టిప్పు వచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని ఫెడరల్ చట్టం చెప్తుంది. ఆ అంకె 1991 నుంచి మారలేదు. టిప్పులు కలిపి 7.25 డాలర్లకు చేరాలి, చేరకపోతే మిగతాది యజమాని వేయాలి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఈ పద్ధతి లేదు, పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. ఏదేమైనా అక్కడ చాలాచోట్ల సర్వర్ ఇంటి అద్దె కస్టమర్ ఇచ్చే టిప్పు మీద నడుస్తుంది. ఇవ్వకపోతే అతని కూలి కోసినట్టే. అందుకే అక్కడివాళ్లు శాతాలు లెక్కేసి మరీ ఇస్తారు.

ఇక్కడ అలా లేదు. టిప్పులు వస్తాయి కదా అని కనీస వేతనం తగ్గించుకునే హక్కు మన చట్టంలో యజమానికి లేదు. టిప్పు జీతం కాదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కార్డు బిల్లులో కలిపి ఇచ్చిన టిప్పును హోటల్ తన పనివాళ్లకు పంచినా అది యజమాని ఇచ్చే జీతం కిందికి రాదని, జీతం మీద కోసినట్టు దాని మీద హోటల్ టీడీఎస్ కోయాల్సిన పని లేదని 2016లో ఒక పెద్ద హోటల్ కేసులో తీర్పు వచ్చింది. ఆ డబ్బు కస్టమర్‌ది, చేరేది పనివాడికి, మధ్యలో హోటల్ చేతులు మారుస్తుంది, అంతే. నాకు ఈ తీర్పులో నచ్చింది అదే. టిప్పు అన్నది మీకూ ఆ పిల్లాడికీ మధ్య ఉన్న సంగతి అని అది ఒప్పుకుంటుంది.

అలా చూస్తే ఆ పూట మీ కుటుంబం వడ్డన పేరుతో 360, 700 కలిపి 1,060 రూపాయలు ఇచ్చింది. దాంట్లో 700 ఆ పిల్లాడికి చేరిందా? మీ అల్లుడు నోట్లు ఇచ్చాడా, ఫోన్‌లో గల్లా దగ్గరి స్కానర్‌కు కొట్టాడా మీరు రాయలేదు. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. ఈ రోజుల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

పదేళ్ల కింద బిల్లు ఎలా వచ్చేదో గుర్తు చేసుకోండి. నల్ల ఫోల్డర్‌లో బిల్లు, పక్కన సోంపు, పటిక బెల్లం ముక్కలు, టూత్‌పిక్కులు. మనం 500 నోటు పెడితే సర్వర్ చిల్లర తెచ్చేవాడు. తెలివైనవాడైతే 50 నోటు ఒకటి ఇవ్వకుండా ఐదు పదులు తెచ్చిపెట్టేవాడు. ఒకటో రెండో వదిలి వెళ్లడం మనకు సులువుగా ఉండాలని. ఇప్పుడు అందరం ఫోన్‌తోనే కడుతున్నాం. పైసలతో సహా కచ్చితంగా అంతే పోతుంది. ఫోల్డర్‌లో చిల్లర మిగలదు. మనం కావాలని ఇవ్వడం మానలేదు, ఇచ్చే సందర్భం పోయింది. నార్కట్‌పల్లి దగ్గర ఒక హోటల్లో సర్వర్ కుర్రాడొకరు నాతో అన్న మాట ఇది: "మేడం, ఇంతకుముందు రోజూ సాయంత్రానికి చాయ్ పైసలు, రీచార్జి పైసలు వచ్చేటివి. ఇప్పుడు అందరు స్కాన్ చేసి లేచి పోతున్నరు." ఒడిశా నుంచి వచ్చిన పిల్లాడు. తెలుగు మన యాసలోనే నేర్చుకున్నాడు. హోటల్ వెనక రేకుల గదిలో మరి కొందరితో కలిసి ఉంటాడు. తిండి, పడక హోటల్‌దే, జీతం దాదాపు మొత్తం ఇంటికి పంపుతాడు. చేతి ఖర్చంతా టిప్పే.

నాకు ఇలాంటి పిల్లల్ని చూస్తే పాలమూరు గుర్తొస్తుంది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఎంతమంది వానలు లేక, బోర్లు ఎండి ముంబైకీ, పుణెకూ, దేశంలో ఎక్కడెక్కడికో పనికి పోలేదు? తట్టలు మోసినవాళ్లు, రోడ్లు వేసినవాళ్లు, హోటళ్లలో ప్లేట్లు కడిగినవాళ్లు మన ఇళ్లలో, మన చుట్టాల్లో ఉన్నారు. ఇప్పుడు మన హైవే మీద ఇంకో రాష్ట్రం పిల్లలు ఆ పని చేస్తున్నారు. అతని చేతిలో ఒక 50 పెట్టడానికి నాకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మీ మామయ్య గారి ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆయనను తప్పుబట్టకండి. దసరాకు ఇనాం ఇచ్చే మనిషి ఇవ్వడం తెలియని మనిషి కాదు. ఆ రోజు వచ్చే లైన్‌మన్, పోస్ట్‌మన్, వీధి ఊడ్చే ఆమె, వీళ్లంతా ఆయనకు ఏడాదంతా తెలిసినవాళ్లు. ఎవరింట్లో పిల్ల పెళ్లికి ఉందో కూడా తెలుసు. వాళ్లకూ జీతాలున్నాయి, అయినా ఆయన ఇస్తారు. అలాంటప్పుడు "జీతం ఉంది కదా" అన్నది ఆయన అసలు అభ్యంతరం కాదని నాకనిపిస్తుంది. ముక్కూమొహం తెలియని పిల్లాడికి, ఏం పండగ లేకుండా, 700 ఎందుకు అన్నదే ఆయనకు ఎక్కలేదు. ఈసారి బయటికి వెళ్లినప్పుడు టిప్పు ఇచ్చే పని ఆయన చేతికే ఇవ్వండి. ముందే రెండు 50 నోట్లు ఆయన జేబులో పెట్టండి. ఆయన ఆ పిల్లాడిని "ఏ ఊరు బిడ్డా నీది" అని అడగకుండా ఉండరు. అడిగాక ఇవ్వకుండానూ ఉండరు.

ఎంత ఇవ్వాలి అని అడిగారు. దీనికి చట్టం లేదు, శాతం లేదు. నేను పాటించేది చెప్తాను. టోకెన్ తీసుకుని నిలబడి తినే టిఫిన్ సెంటర్లో ఇవ్వను, అక్కడ ఎవరూ ఆశించరు. మెస్సులో భోజనం చేసి, అన్నం మారు వడ్డించిన మనిషి ఉంటే 10, 20. ఫ్యామిలీ రెస్టారెంట్‌లో ఇద్దరం తింటే 50, మీలాంటి పెద్ద కుటుంబం కూర్చుని గంటన్నర తింటే 100 నుంచి 200. మనవరాలు సాంబారు ఒలకబోసిందనుకోండి, కుర్చీ కింద అన్నం మెతుకులు చల్లిందనుకోండి, ఇంకో 50 కలపండి. దాన్ని శుభ్రం చేసేది ఆ పిల్లాడే. రాత్రి పదకొండు తర్వాత మూసేద్దామనుకుంటున్న టైములో మన కోసం పొయ్యి వెలిగించినా అంతే. అల్లుడు ఇచ్చిన 700 ఎక్కువా అంటే, ఇవ్వగలిగినవాడు ఇచ్చాడు, తప్పేం లేదు. కానీ దాన్ని మిగతావాళ్లు ఇవ్వాల్సిన లెక్కగా పెట్టకండి. నెలకు ఒకసారి పిల్లల పుట్టినరోజుకు బయట తినే కుటుంబం 18 శాతం ఇవ్వాలనుకుంటే ఆ పుట్టినరోజు ఇంట్లోనే అయిపోతుంది.

వడ్డన బాగా లేకపోతే ఇవ్వకండి. కానీ ఎందుకో చెప్పి రండి. కూర చల్లగా వచ్చింది అంటే అది వంటింటి తప్పు కావొచ్చు, సర్వర్‌ది కాకపోవచ్చు. పిలిస్తే పలకకపోవడం, విసుక్కోవడం, చిల్లర తేకుండా నిలబడటం, ఇవి అతనివి. "టిప్పు మేడం" అని అడిగి చేయి చాపినా నేను ఇవ్వను. ఇది నా పద్ధతి, మీరు పాటించాలని లేదు. ప్రభుత్వాసుపత్రిలో స్ట్రెచర్ తోసినందుకో, బిడ్డ పుట్టాక చూపించినందుకో అడిగే పైసలను మాత్రం టిప్పు అనకండి. అది లంచం. రెండూ ఒకే మాటతో పిలిస్తే ఆ పని చేసేవాళ్లకే సుఖం.

ఇవ్వడం ఎలా అన్నది ఎంత అన్నదానికంటే ముఖ్యం. నోటు చేతిలో పెట్టండి. ఫోల్డర్‌లో పెడితే అది గల్లా దగ్గరికి పోయి వస్తుంది, మధ్యలో ఏమవుతుందో మనకు తెలియదు. కొన్ని హోటళ్లలో గల్లా పక్కన డబ్బా పెడతారు, రాత్రికి అందరూ పంచుకుంటారు. అలాంటి చోట డబ్బాలో వేయడమే మంచిది, ప్లేట్లు కడిగే ఆమెకూ వస్తుంది. పంచుకుంటారా లేదా అని సర్వర్‌ను మెల్లగా అడగొచ్చు, గల్లా మీద ఉన్నవాళ్లు వినేలా కాదు. జేబులో నోట్లు లేకపోతే "నీకు ఫోన్‌పే ఉందా" అని అడిగి అతని నంబరుకే కొట్టండి. గల్లా స్కానర్‌కు బిల్లు మీద 100 ఎక్కువ కొడితే అది యజమాని ఖాతాలోకి పోతుంది. అతను మంచివాడైతే ఇస్తాడు, కాకపోతే లేదు. అందుకే నేను హైవే ఎక్కేముందు పెట్రోల్ బంకులో చిల్లర అడిగి పదులు, ఇరవైలు బ్యాగులో పెట్టుకుంటాను. కొన్ని చోట్ల పది రూపాయల నాణెం తీసుకోరు, అందుకని నోట్లే.

ఇప్పుడు పరువు సంగతి. మీ వారికి ఒక మాట చెప్పాలని ఉంది, ఆయన చదువుతారని ఆశ. మన ఇళ్లలో పండక్కీ పబ్బానికీ హోటల్‌కు వెళ్లే అలవాటు ఈ మధ్యది. మా తరంలో హోటల్ తిండి అంటే కోర్టు పనికో, ఆసుపత్రికో నల్లగొండ వచ్చినప్పుడు తప్పక తినేది. ఇంట్లో దావత్ అంటే మనమే వండి మనమే వడ్డించాం. కాబట్టి ఏసీ గదిలో, మడతపెట్టిన టిష్యూ కాగితం ముందు కూర్చున్నప్పుడు ఎలా ఉండాలో మనకు మన పెద్దలు నేర్పలేదు. పక్కవాళ్లను చూసి నేర్చుకున్నాం. పక్కవాళ్లు బిల్లు చూడకుండా కట్టేస్తే అదే మర్యాద అనుకున్నాం. కానీ ఆ పక్క టేబుల్ వాళ్ల బిల్లులో కూడా ఆ 10 శాతం ఉంది. వాళ్లు మీ వైపు చూసింది మిమ్మల్ని తక్కువ చేయడానికే అని ఎందుకనుకోవాలి? ఇది తీసెయ్యొచ్చా అని తెలుసుకోవడానికి చూసి ఉండొచ్చు. కట్టాల్సిన పని లేని డబ్బును కట్టనన్న భార్యను చూసి అల్లుడి ముందు సిగ్గుపడాల్సింది ఏముంది? మీ అల్లుడు ఈ విషయం మీద మిమ్మల్ని ఒక్క మాట అన్నట్టు మీ ఉత్తరంలో లేదమ్మా. అన్నది మీ వారే. ఒకసారి అల్లుడినే అడిగి చూడండి, అతను ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు.

ఈసారి ఇలా చేయండి. కూర్చోగానే మెనూ చివరి పేజీ చూడండి. సర్వీస్ చార్జి అని ఉంటే ఆర్డర్ ఇచ్చేముందే "మాకు అది వేయకండి" అని కెప్టెన్‌కో మేనేజర్‌కో చెప్పండి. తిన్నాక చెప్పడం కంటే ఇది సులువు, ఎవరి ముఖమూ చిన్నబోదు. మర్చిపోయి బిల్లు వచ్చాక చూస్తే టేబుల్ దగ్గర ఏమీ అనకండి. మీరే లేచి గల్లా దగ్గరికి వెళ్లండి. "ఇది ఇష్టమైతే ఇచ్చేదే కదండీ, మాకు వద్దు, తీసేసి వేరే బిల్లు ఇవ్వండి" అనండి. గొంతు పెంచక్కర్లేదు. "సిస్టంల ఆటోమేటిక్‌గ వస్తది మేడం" అంటారు. వచ్చింది తీసెయ్యడం కూడా సిస్టంలో ఉంటుంది, మేనేజర్‌ను పిలవమనండి. తీసేస్తే థాంక్స్ చెప్పి కొత్త బిల్లు కట్టి, వెనక్కి వచ్చి మీ టేబుల్ చూసిన పిల్లాడికి చేతిలో 150 పెట్టండి. గల్లా దగ్గర వద్దన్నది అతన్ని కాదని అప్పుడు అతనికి మీరు నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

ససేమిరా అంటే అక్కడ పోట్లాడకండి, ముసలాయన, చిన్నపిల్ల కారులో ఎదురుచూస్తుంటారు. కట్టేసి బిల్లు తీసుకుని, మెనూలో ఆ వరుస ఫొటో తీసుకుని రండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. బిల్లు నంబరు, తేదీ, హోటల్ పేరు చెప్తే వాళ్లు హోటల్‌ను అడుగుతారు. జిల్లా కలెక్టర్‌కు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. అక్కడితో కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. 378 రూపాయలకు అంత దూరం పోవాలా అంటే, కమిషన్ దాకా నేనైతే పోను. 1915కి మాత్రం తప్పకుండా చేస్తాను, పది నిమిషాల పని. హైకోర్టు తీర్పు తర్వాత ఢిల్లీలో కొన్ని రెస్టారెంట్లకు సీసీపీఏ తనంతట తానే నోటీసులిచ్చింది, వసూలు చేసిన సర్వీస్ చార్జి తిరిగి ఇవ్వనందుకు. ఆ కదలిక మొదలైంది హెల్ప్‌లైన్‌కు వెళ్లిన ఫిర్యాదులతోనే.

పోయిన నెల బిల్లు మీ దగ్గర ఇంకా ఉంటే దానికీ ఫోన్ చేయొచ్చు. మీ వారు కట్టారు కాబట్టి డబ్బు ఆయన ఖాతాలోంచి పోయి ఉంటుంది. ఫిర్యాదు ఆయన పేరుతోనే పెట్టండి. ఆయన ఒప్పుకోకపోతే మీ పేరుతో పెట్టండి, మీరూ అక్కడ తిన్న కస్టమరే.